రచ్చబండ పోలిక ఎంతదాకా?

సామాజిక మాధ్యమాలంటే ఏమిటని ఎవరైనా పెద్దవారు అడిగితే మనం తడుముకోకుండా చెప్పే సమాధానం ఒకటుంది: "మన ఊరి రచ్చబండ లాంటిదే, కాకపోతే ఫోన్‌లో ఉంటుంది." వేపచెట్టుకో రావిచెట్టుకో చుట్టూ కట్టిన అరుగు, దానిమీద చేరి లోకాభిరామాయణం మాట్లాడుకునే నలుగురు, దారిన పోతూ కాసేపు ఆగి ఒక మాట విసిరి వెళ్ళే మరొకరు, ఇదంతా చూసినవారికి ఈ పోలిక వెంటనే అందుతుంది. అయితే కొత్తగా ఫోన్ చేతపట్టినవారు పడే ఇబ్బందుల్లో సగం ఈ పోలికను చివరిదాకా నమ్మడం వల్లనే వస్తున్నాయని నా అభిప్రాయం. వింత ఏమిటంటే, వారికి దక్కగల మేలులో పెద్ద భాగం కూడా ఈ పోలిక చెల్లని చోటనే ఉంది. కనుక ఇది ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగుతుందో చూసుకుంటూ వెళ్దాం.

ముందుగా, నిలిచే చోటు. పత్రికలో ఒకరు రాస్తారు, సంపాదకుడు జల్లెడ పడతాడు, మనం చదువుతాం. రేడియోలో ఒకరు మాట్లాడతారు, మనం వింటాం. సామాజిక మాధ్యమంలో ఈ ఏర్పాటు లేదు. ఫేస్‌బుక్‌లో కనిపించే రాతలను ఫేస్‌బుక్ రాయదు, యూట్యూబ్‌లో కనిపించే వీడియోలను యూట్యూబ్ తీయదు. ఆ కంపెనీలు స్థలం కట్టి ఇస్తాయి, అక్కడ మాట్లాడేదీ వినేదీ కూడా వచ్చిన జనమే. 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం మొదలైన ఫేస్‌బుక్, 2006 సెప్టెంబరులో 13 ఏళ్ళు దాటిన ఎవరైనా చేరేలా తలుపులు తెరిచింది. యూట్యూబ్ 2005లో, ట్విట్టర్ 2006లో, వాట్సాప్ 2009లో, ఇన్‌స్టాగ్రామ్ 2010లో వచ్చాయి. మన కాలేజీ పిల్లలు ఒకప్పుడు పొద్దస్తమానం గడిపిన ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతబడింది.

ఈ తేదీలన్నీ అమెరికావి. తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళ చేతికి ఈ మాధ్యమాలు వచ్చింది మాత్రం ఎక్కువగా 2016 తర్వాతే. ఆ ఏడాది సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది, నవంబరులో వాట్సాప్ వీడియో కాల్ సదుపాయం తెచ్చింది. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న మనవరాలి ముఖం తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మమ్మకు రోజూ కనిపించడం అప్పటినుంచే సామాన్యమైంది. చాలామంది పెద్దవారు సామాజిక మాధ్యమంలోకి అడుగుపెట్టింది ఈ తలుపు గుండానే. వచ్చింది మనవరాలి కోసం, చూస్తుండగానే నాలుగు గ్రూపుల్లో సభ్యులయ్యారు, ఆపైన యూట్యూబ్‌లో భక్తి ప్రవచనాలకూ వంటలకూ అలవాటు పడ్డారు. ఎక్కడ ఇల్లు ముగిసి వీధి మొదలైందో వారికి ఎవరూ చెప్పలేదు.

ఆ గీతను ముందు చూపించాలి. ఒకరికొకరు పంపుకునే వాట్సాప్ సందేశం ఇంట్లో మాట వంటిది. 2016 ఏప్రిల్ నుంచి అది పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప, మధ్యలో కంపెనీకి కూడా చదవడానికి వీల్లేని సంకేత రూపంలో ప్రయాణిస్తోంది. 200 మంది ఉన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో రాసింది ఇంటి మాట కాదు, కల్యాణ మండపంలో మైకు పట్టుకుని అన్న మాట. ఫేస్‌బుక్‌లో "పబ్లిక్" అన్న గుర్తుతో పెట్టిన ఫొటో, యూట్యూబ్ వీడియో కింద రాసిన వ్యాఖ్య, ఎక్స్‌గా పేరు మారిన ట్విట్టర్‌లో రాసిన వాక్యం, ఇవన్నీ నడివీధిలో గోడమీద రాసిన రాతలు. అన్నీ ఒకే అరచేతిలో, ఒకే వేలితో జరుగుతాయి కాబట్టి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. "మా ఫొటో మా బంధువులకే పెట్టాం కదా" అని ఆశ్చర్యపోయేవారిలో చాలామంది పొరపాటు ఈ ఒక్క గీత దగ్గరే జరుగుతుంది.

ఇక పోలిక తెగే చోట్లలో మొదటిది. రచ్చబండ మీద ఒకరు మాట్లాడితే అక్కడున్న వారందరికీ అదే మాట వినిపిస్తుంది. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో అలా జరగదు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద కూర్చున్న భార్యాభర్తల ఫోన్లలో రెండు వేర్వేరు లోకాలు కనిపిస్తాయి. ఇది మొదటినుంచీ ఇలా లేదు. తొలినాళ్ళలో ఫేస్‌బుక్‌లో ఎవరి పేజీకి వాళ్ళు వెళ్ళి చూడాల్సి వచ్చేది. 2006 సెప్టెంబరులో "న్యూస్ ఫీడ్" అనే ఏర్పాటు వచ్చింది, అంటే మిత్రులందరి కబుర్లనూ ఒకే వరుసలో పేర్చి మన ముందుకు తెచ్చి పెట్టడం. అందరి కబుర్లూ చూపించడానికి సమయం చాలదు కాబట్టి ఏది ముందు, ఏది వెనుక అన్న నిర్ణయం తప్పనిసరి అయింది. ఆ నిర్ణయాన్ని ఒక లెక్కల యంత్రాంగానికి అప్పగించారు. దాన్నే అల్గారిదమ్ అంటున్నారు.

ఆ యంత్రానికి మనం చదివిన విషయం మంచిదో చెడ్డదో, నిజమో అబద్ధమో తెలిసే మార్గం చాలా తక్కువ. దానికి బాగా తెలిసినది మన వేలి కదలిక. దేని దగ్గర ఆగాం, ఎంతసేపు ఆగాం, దేనికి లైక్ కొట్టాం, దేనికింద వ్యాఖ్య రాశాం, దేన్ని ఇతరులకు పంపాం అనే గుర్తులన్నిటికీ ఒక్కొక్క బరువు ఇచ్చి, రేపు మనల్ని దేని దగ్గర ఆపవచ్చో అంచనా వేస్తుంది. ఆ బరువులు ఎవరు, ఎలా నిర్ణయిస్తారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఫేస్‌బుక్ 2017లో ఒక్క లైక్‌కు ఇచ్చే బరువుకు ఐదు రెట్లు, ప్రేమ, నవ్వు, కోపం వంటి బొమ్మ గుర్తులకు ఇచ్చిందని, ఆ సంస్థ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ 2021లో బయటపెట్టిన పత్రాల ద్వారా లోకానికి తెలిసింది. కోపం తెప్పించే రాతకు కోపం గుర్తులు వెల్లువలా వస్తాయి, ఆ వెల్లువ ఆ రాతను మరింత మందికి చేరుస్తుంది, వారికీ కోపం వస్తుంది. కోపం గుర్తు బరువును కంపెనీ తర్వాత తగ్గించుకుంటూ వచ్చి చివరికి సున్నా చేసింది.

దీనివల్ల కొత్తవారికి తెలియవలసిన సంగతి ఒకటుంది. ఊళ్ళో ఎవరైనా అడ్డగోలుగా మాట్లాడితే నలుగురు మందలిస్తే నోరు మూసుకుంటాడు. ఇక్కడ మందలించడానికి రాసిన వ్యాఖ్యను కూడా యంత్రం ఆసక్తిగానే లెక్కిస్తుంది. "ఇది పచ్చి అబద్ధం, ఎవరూ నమ్మకండి" అని ఆవేశంగా రాసిన మనిషి తెలియకుండానే ఆ అబద్ధాన్ని మరో పదిమంది ముందుకు నెడుతున్నాడు. నచ్చనిదాన్ని ఆపాలంటే "ఇలాంటివి చూపించవద్దు" అని అర్థం వచ్చే మీట నొక్కడం, ఫిర్యాదు చేయడం, అంతకన్నా సులువుగా వేలితో పైకి నెట్టేసి ముందుకు సాగిపోవడం తప్ప వేరే దారి లేదు. మౌనం అంగీకారమని మనవాళ్ళు అంటారు. ఇక్కడ ఆ మాట తిరగబడింది.

రెండో తేడా: రచ్చబండకు యజమాని లేడు. దీనికి ఉన్నాడు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఇప్పుడు మెటా అనే ఒకే సంస్థవి. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లో 100 కోట్ల డాలర్లకు, వాట్సాప్‌ను 2014లో 1900 కోట్ల డాలర్లకు ఆ సంస్థ కొనడానికి సిద్ధపడింది. యూట్యూబ్ గూగుల్‌ది. ట్విట్టర్‌ను 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4400 కోట్ల డాలర్లకు కొని మరుసటి ఏడాది ఎక్స్ అని పేరు మార్చాడు. వాడేవారి దగ్గర పైసా తీసుకోకుండా ఇంత సొమ్ము ఎలా తిరుగుతోందని ఏ కిరాణా కొట్టు యజమానికైనా సందేహం రావాలి. 2024లో మెటా ఆదాయం సుమారు 16,450 కోట్ల డాలర్లు. అందులో నూటికి 97 వంతులకు పైగా ప్రకటనల నుంచే వచ్చింది.

"మన సమాచారాన్ని అమ్ముకుంటున్నారు" అని ఈ వ్యవహారాన్ని గంపగుత్తగా చెప్పేస్తుంటారు. పని జరిగే తీరు కొంచెం వేరు. మంగళగిరిలో చేనేత చీరల కొట్టు ఉన్నవాడు, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉండే, చేనేత మీద ఆసక్తి ఉన్న, 30 ఏళ్ళు దాటిన మహిళలకు తన ప్రకటన చూపించమని ఫేస్‌బుక్‌కు డబ్బు కడతాడు. కంపెనీ చూపిస్తుంది. ఆ మహిళల పేర్లు గానీ ఫోన్ నంబర్లు గానీ కొట్టువాడికి ఇవ్వదు, ఇస్తే రేపు అతను మళ్ళీ రాడు. కాబట్టి అమ్ముడవుతున్నది మన చూపు, మన సమయం. మన గురించిన సమాచారం ఆ చూపును సరైన గిరాకీకి చేర్చే దారి. ఈ పద్ధతిలో చిన్న వ్యాపారికి నిజమైన లాభం ఉందని కూడా ఒప్పుకోవాలి. పత్రికలో అరపేజీ ప్రకటన ఇవ్వలేని నేతగాడు కొద్దిపాటి సొమ్ముతో తన చీరను కావలసినవారికే చూపించగలుగుతున్నాడు. అలాగని సమాచారం ఎప్పుడూ గడప దాటదని కాదు. మనస్తత్వ పరీక్ష పేరుతో ఫేస్‌బుక్‌లో నడిచిన ఒక యాప్‌ను సుమారు 2 లక్షల 70 వేల మంది వాడితే, వారి మిత్రుల వివరాలతో కలిపి 8 కోట్ల 70 లక్షల మంది దాకా సమాచారం కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ సలహా సంస్థకు చేరి ఉండవచ్చని 2018లో వెల్లడైంది. ఒకరు తలుపు తీస్తే వీధిలో వారందరి సామానూ పోయినట్టయింది. "గత జన్మలో మీరెవరో తెలుసుకోండి" వంటి ఆటలను ముట్టుకోవద్దని పిల్లలు పెద్దవారికి చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఇంతవరకు చెప్పినదంతా విని, ఇంత తంటా ఉన్నచోటికి అసలు వెళ్ళడం ఎందుకని అడిగితే, ఆ ప్రశ్నకు సమాధానం కూడా రచ్చబండ దగ్గరే ఉంది. ఆ అరుగు మీద ఎవరు కూర్చునేవారు? ఆడవాళ్ళు కూర్చోలేదు. దళితులు కూర్చోలేదు, అటువైపు వచ్చినా దూరంగా నిలబడవలసి వచ్చేది. కూలినాలి చేసుకునేవారికి కూర్చునే తీరిక లేదు. ఊరి తీర్పులు చెప్పిన ఆ అరుగును మనం తలచుకుని మురిసిపోతుంటాం గానీ, ఊరిలో సగానికి మించి జనం దానికి ఎప్పుడూ బయటివారే. సామాజిక మాధ్యమం ఆ పోలికను దాటి విలువైనదిగా మారేది సరిగ్గా ఇక్కడే.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో వ్యవసాయ కూలీగా, బీడీలు చుట్టి బతుకు వెళ్ళదీసిన గంగవ్వ సంగతి తెలుగువారందరికీ తెలిసిందే. అదే ఊరి యువకుడు శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన "మై విలేజ్ షో" యూట్యూబ్ చానెల్లో ఆమె పల్లె ముచ్చట్లు చెప్పింది, తన యాసలోనే చెప్పింది, ఆ యాసను సరిదిద్దుకోమని ఎవరూ అనలేదు. 2020లో టెలివిజన్ ఆమెను వెతుక్కుంటూ వచ్చి బిగ్‌బాస్ ఇంటికి పిలిచింది. గుంటూరు జిల్లా గుడివాడ అనే పల్లెలో, నూరేళ్ళు దాటాయని చెప్పే మస్తానమ్మ పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండిన వంటలను ఆమె మునిమనవడు, అతని మిత్రుడు 2016 నుంచి వీడియోలుగా పెట్టారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసే నాటికి ఆ చానెల్‌కు 10 లక్షల మందికి పైగా చందాదారులు ఉన్నారు. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఏ సంపాదకుడి జల్లెడలోనూ నిలిచి ఉండేవారు కాదని నేను కచ్చితంగా అనుకుంటున్నాను.

దీనిలో డబ్బు ఎంత అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. యూట్యూబ్‌లో వీడియోల పక్కన వచ్చే ప్రకటనల్లో వాటా పొందాలంటే కనీసం 1000 మంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల వీక్షణం (లేదా షార్ట్స్ అనే చిట్టి వీడియోలకు 90 రోజుల్లో కోటి వీక్షణలు) ఉండాలి. నిడివి గల వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో 55 శాతం తీసినవారికి దక్కుతుంది. ఈ గీత దాటడమే కష్టం, దాటాక దానితోనే ఇల్లు గడవడం ఇంకా కష్టం. ఉద్యోగం మానేసి చానెల్ పెడతాననే కుర్రవాడికి గంగవ్వను చూపించడం, లాటరీ తగిలినవాణ్ణి చూపించి పొలం అమ్మించడం లాంటిది.

నిజానికి ఎక్కువమందికి దక్కే విలువ పేరులోనూ డబ్బులోనూ లేదు, దూరపు పరిచయాల్లో ఉంది. అమెరికా సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ ఈ మాధ్యమాలేవీ పుట్టని 1973లోనే ఒక ఆసక్తికరమైన సంగతి రాశాడు. తెలిసినవారి ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించినవారిని ఆయన ఆరా తీస్తే, తాము తరచు కలిసే మనిషి ద్వారా ఆ కబురు అందినవారు ఆరుగురిలో ఒకరే. మిగతావారికి ఎప్పుడో ఒకసారి కలిసేవారో, ఏళ్ళ తరబడి కలవనివారో చెప్పారు. కారణం సులువుగానే తోస్తుంది. మన దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. మనకు తెలియనిది తెలిసినవాడు మన వలయం బయట ఉంటాడు. పూర్వం అలాంటి పరిచయాలు పెళ్ళిలోనో రైలులోనో కలిసి, చిరునామా రాసిన కాగితం పోవడంతో తెగిపోయేవి. పదో తరగతి కలిసి చదివిన 40 మంది, ఎవరెక్కడున్నారో తెలియని స్థితి నుంచి 30 ఏళ్ళ తర్వాత ఒక గ్రూపులోకి చేరితే మొదట పాత ఫొటోలూ మాస్టారి బెత్తం కబుర్లూ నడుస్తాయి. తర్వాత ఏదో ఒక రాత్రి ఒకరికి హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రికి వెళ్ళాలో తెలియక రాస్తే, ఆ విభాగంలోనే పనిచేసే పాత మిత్రురాలు పది నిమిషాల్లో ఫోన్ చేస్తుంది.

2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో విడత వచ్చినప్పుడు దేశం మొత్తం ఈ సంగతిని ప్రాణాల మీద పెట్టి నేర్చుకుంది. ఆక్సిజన్ సిలిండరు ఎక్కడుంది, పడక ఎక్కడ ఖాళీ అయింది అని ముక్కూ మొహం తెలియనివారు ముక్కూ మొహం తెలియనివారిని అడిగారు, సమాధానాలు వచ్చాయి. ఆ రోజుల్లో తిరిగిన నంబర్ల జాబితాల్లో చాలావాటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తేవారు కాదు, ఎత్తినా సరుకు అయిపోయి ఉండేది. అందుకే జాబితాను ఊరికే పంపినవారి కంటే, ఒక్కొక్క నంబరుకు స్వయంగా ఫోన్ చేసి "ఉదయం 11 గంటలకు కనుక్కున్నాం, నాలుగు సిలిండర్లు ఉన్నాయి" అని సమయంతో సహా రాసిన స్వచ్ఛంద కార్యకర్తలే నిజంగా ఆదుకున్నారు. ఇలా సాయం అడిగేవారి మీద, ఫిర్యాదు చేసేవారి మీద అధికారులు చర్యలు తీసుకోకూడదని ఆ ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పవలసి రావడం కూడా ఈ మాధ్యమం బలాన్నే చూపుతుంది.

ఇదే బలం తిరగబడిన సందర్భం అంతకు మూడేళ్ళ ముందే మన మధ్య జరిగింది. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు తెలుగు రాష్ట్రాల వాట్సాప్ గ్రూపుల్లో గుప్పుమంది. రచ్చబండ మీద పుట్టిన పుకారైతే పుట్టించినవాడి మొహం తెలుస్తుంది, వాడి మాటకు ఊళ్ళో ఉన్న విలువ ఎంతో తెలుస్తుంది. ఫార్వర్డ్ అయి వచ్చిన సందేశానికి అది పంపిన మేనమామ మొహమే కనిపిస్తుంది, పుట్టించినవాడి మొహం కనిపించదు. మేనమామ మీద ఉన్న నమ్మకం పుకారుకు బదిలీ అవుతుంది. పైగా వీడియోలు కూడా ఉన్నాయి. దేశమంతా తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిల్ మీద వచ్చినవారు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లో పిల్లల రక్షణ గురించి జనాన్ని హెచ్చరించడానికి నటులతో తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి దింపి హెచ్చరిక పలక చూపించే భాగాన్ని ఎవరో కత్తిరించేశారు. నిప్పు లేనిదే పొగ రాదని నమ్మే జనం అపరిచితుల మీద పడ్డారు. ఆ మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ మూక దాడిలో ప్రాణాలు కోల్పోయింది.

అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు అధికారిగా ఉన్న రెమా రాజేశ్వరి చేసిన పని ఈ వ్యాసానికి బాగా అక్కరకు వస్తుంది. ఊరికొక పోలీసును కేటాయించి వారిని పల్లెల్లో తిప్పుతున్నప్పుడు, సాయంత్రమైతే పిల్లలు బయట ఆడుకోవడం లేదని, తలుపులు తొందరగా మూసుకుంటున్నారని వారు గమనించి చెప్పారు. ఆరా తీస్తే ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు బయటపడ్డాయి. ఆమె ప్రకటనలతో సరిపెట్టకుండా జానపద కళాకారులను, డప్పు దరువును, పాటను ఊళ్ళలోకి పంపి ఆ సందేశాలు అబద్ధమని చెప్పించారు. ఊరి గ్రూపుల్లోకి పోలీసులే సభ్యులుగా చేరారు. ఫోన్‌లో వచ్చిన పుకారుకు మందు రచ్చబండ మీద దొరికింది. ఇతర చోట్ల జరిగిన ఘోరాలు ఆ రెండు జిల్లాల్లో జరగలేదు.

కంపెనీ వైపు నుంచి కూడా కొంత కదలిక వచ్చింది. ఆ జులైలో భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది, 2019 జనవరిలో దాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. 2020 ఏప్రిల్ నుంచి చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపగలం. అలాంటి సందేశం పైన రెండు బాణాల గుర్తు ఉంటుంది. కొత్తగా వచ్చిన పెద్దవారికి వంద జాగ్రత్తలు చెప్పి బెదరగొట్టే బదులు ఆ జంట బాణాలను ఒక్కసారి వేలుపెట్టి చూపిస్తే మేలు. అది కనిపించిందంటే, పంపినవారు ఎంత ఆప్తులైనా ఆ మాట వారిది కాదు. చట్టం దృష్టిలో మాత్రం పంపినవారి బాధ్యత పోదు. వచ్చినదాన్ని చూడకుండా పంపానన్న వాదనను 2023లో మద్రాసు హైకోర్టు అంగీకరించలేదు. సామాజిక మాధ్యమాల్లో రాతలపై అరెస్టులకు దారితీసిన, ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసిన మాట నిజమే గానీ, పరువునష్టానికీ మతవిద్వేషానికీ సంబంధించిన చట్టాలు అలాగే ఉన్నాయి.

మోసాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వాటి వేషాలు నెలకొకటి మారతాయి, కిటుకు ఒక్కటే ఉంటుంది: తొందరపెట్టడం. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్‌లోకి వచ్చి "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, కెమెరా ముందునుంచి కదలవద్దు" అని బెదిరించేవారు ఇటీవల ఎందరో విశ్రాంత ఉద్యోగుల జీవితకాలపు పొదుపును ఊడ్చుకుపోయారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఆలస్యం కాకపోతే ఆ సొమ్ము చేతులు మారకుండా బ్యాంకుల్లో నిలిపివేసే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో చెప్పకుండా ఉండటమే ఎక్కువ నష్టం తెస్తోంది. కాబట్టి తల్లిదండ్రులకు ఫోన్ కొనిచ్చిన పిల్లలు, పొరపాటు జరిగితే కోప్పడబోమని ముందే మాట ఇవ్వడం పాస్‌వర్డ్ పెట్టడం కన్నా ముఖ్యమైన భద్రత అని నేను అనుకుంటాను.

మరి మొదలుపెట్టడం ఎక్కడ? తెలుగులో టైపు చేయడం రాదని వెనుకాడేవారికి 2017 నుంచి గూగుల్ కీబోర్డులో తెలుగులో మాట్లాడితే రాసే సదుపాయం ఉంది. మైకు బొమ్మ నొక్కి చెబితే అక్షరాలు పడతాయి, పడని చోట నవ్వుకోవడానికి సరుకు దొరుకుతుంది. ఆ తర్వాత చాలామంది చేసే పని, తమకు తెలియని విషయాల వెంట పడటం: షేర్ మార్కెట్, కొత్త వైద్యం, ఢిల్లీ రాజకీయం. నేనైతే సొంత పొలంలో మొదలుపెట్టమంటాను. నిజామాబాద్ పసుపు రైతు పసుపు సాగు వీడియోలు చూడాలి, దర్జీ కుట్టుపని వీడియోలు చూడాలి. ఎంత ధీమాగా చెబుతున్నవారు ఎంత తప్పు చెబుతున్నారో, వేల లైకులు వచ్చిన మాటలో ఎంత తాలు ఉందో అక్కడ వారికి ఎవరూ చెప్పనక్కర లేకుండా తెలుస్తుంది. అలాగే ఏ ఆర్భాటమూ లేని ఎవరో మారుమూల మనిషి చెప్పే గట్టి మాట కూడా అక్కడే కంటబడుతుంది. తెలిసిన రంగంలో పట్టుబడిన ఈ కొలత చేతిలో ఉంటే, షుగరును వారంలో పోగొడతామనే వీడియో ఎదురైనప్పుడు ఆ గొంతులోని ధీమాను ఎంతవరకు నమ్మాలో అంచనా దొరుకుతుంది.

పదవీ విరమణ చేసిన తెలుగు టీచరు ఒకావిడ బంధువుల గ్రూపులో రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మ మీద వేమన పద్యం వస్తుందనుకుందాం. మూడు నాలుగు రోజులకు ఒక పద్యం దగ్గర ఆమె చూపు ఆగుతుంది. "విశ్వదాభిరామ వినుర వేమ" అన్న మకుటం ఉంది గానీ రెండో పాదంలో ఆటవెలది గణాలు కుదరడం లేదు, మాటలు చూస్తే నిన్నమొన్న పుట్టినవి. ఎవరో సొంతంగా అల్లి వేమన నోట్లో పెట్టారు. ఆమె ఎవరినీ తప్పుపట్టకుండా, అదే అర్థం వచ్చే అసలు వేమన పద్యాన్ని మైకులో చదివి, అక్షరాలు సరిచూసుకుని, దాని కింద పెట్టవచ్చు. ఇన్నాళ్ళూ వచ్చినవాటికి నమస్కారం గుర్తు మాత్రమే పెడుతూ వచ్చిన ఆవిడకు, ఆ గ్రూపులో అది మొదటి సొంత మాట అవుతుంది.